డ్రైవ్ మీద బొట్టు

కరెంటు పోయిన సంగతి అచ్చిబాబు చెప్పేదాకా నాకు తెలియలేదు.

"ఫ్యాను ఆగిపోయి చాలాసేపైందండి రాజుగారూ. మీకు ఉక్కపొయ్యట్లేదాండీ?" అన్నాడు తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ.

తలెత్తి చూస్తే నిజమే. కంప్యూటర్లు ఇన్వర్టర్ మీద నడుస్తున్నాయి, ఫ్యాను మాత్రం కదలడం లేదు. నా చొక్కా వీపుకి అతుక్కుపోయి ఉంది. చెమట పట్టిందని కళ్ళతో చూసి తెలుసుకున్నాను గానీ ఒంటికి తెలియలేదు. వైశాఖ మాసం, తణుకు, మిట్టమధ్యాహ్నం, పైన సిమెంటు రేకులు. ఒకప్పుడైతే కరెంటాఫీసునీ, రేకులు వేసిన మేస్త్రీనీ, పైనున్న సూర్యుణ్ణీ కలిపి కడిగేసేవాణ్ణి. ఉక్క అంటే నాకు అంత ఒళ్ళుమంట. ఇప్పుడు ఆ మంట కూడా రావడం లేదు.

నా కొట్టు గురించి చెప్పాలి. ముందు కొట్టు, వెనక ఇల్లు. కంప్యూటర్లు, సీసీ కెమెరాలు బాగుచేస్తాను. భీమవరం దాకా ఉన్న రొయ్యల చెరువుల వాళ్ళలో చాలామంది నా దగ్గరికే వస్తారు. చెరువు గట్టున కెమెరాలు పెట్టుకుంటారు, వాటి బొమ్మలు దాచే హార్డ్ డ్రైవ్ ఉప్పుగాలికీ, వేడికీ ఊరికే పోతూ ఉంటుంది. అచ్చిబాబు కూడా అందుకే వచ్చాడు. వాడేసిన డ్రైవ్ ఒకటి ఇస్తే చాలట, పరీక్ష గిరీక్ష అక్కర్లేదట, పైకి బాగుంటే తీసుకుపోతాడట.

పైకి బాగుండటం అనే మాట వింటే ఇదివరకు నేను చిన్న ఉపన్యాసం ఇచ్చేవాణ్ణి. డ్రైవ్‌ని పరీక్షించడానికి ఒక పద్ధతి ఉంది. ముందు దాన్నే అడగాలి. ప్రతి డ్రైవూ తన ఆరోగ్యం ఎలా ఉందో తనే చెబుతుంది. అడగ్గానే బాగున్నానంటుంది. నా అనుభవంలో సగం డ్రైవులు ఆ మాట చెప్పిన వారానికే పోయాయి. అందుకని దాని మాట విని ఊరుకోకూడదు. మొదటి చోటు నుంచి ఆఖరి చోటు దాకా ఒక్కటీ వదలకుండా చదివించాలి. తెర మీద చిన్న చిన్న గళ్ళు వస్తుంటాయి. వెంటనే చదివితే బూడిదరంగు, తడబడితే నారింజ, చదవలేకపోతే ఎరుపు. దీనికి పూటంతా పడుతుంది. ఈలోగా డ్రైవ్ వేడెక్కుతుంది. చల్లగా ఉన్నప్పుడు దాచుకున్న రోగం అప్పుడు బయటపడుతుంది. ఇదంతా కానిదే నా కొట్లోంచి డ్రైవ్ బయటికి వెళ్ళదు. తొందరపడే వాళ్ళని కసిరేవాణ్ణి కూడా.

ఆ రోజు అచ్చిబాబుని కసరలేదు. పరీక్ష అయ్యాక కబురు పెడతానని మాత్రం చెప్పాను. నా మొహంలోకి కాసేపు చూసి, ఒంట్లో ఎలా ఉందండీ అని మెల్లగా అడిగాడు. బాగానే ఉన్నానండి అన్నాను.

అందరికీ అదే చెబుతున్నాను. మార్గశిరంలో నా భార్య సుప్రజ పోయింది. తను బడిపంతులమ్మ. ఏడో తరగతికి లెక్కలు చెబుతూ, బోర్డు పట్టుకుని అలాగే కింద కూర్చుండిపోయిందట. రాజమండ్రి తీసుకెళ్తుంటే దారిలోనే అయిపోయింది. తలలో నరం చిట్లిందన్నారు. నేను ఏడవలేదు. బిగబట్టుకోవడం లాంటిదేమీ కాదు, రాలేదు అంతే. వేళకి తింటున్నాను, పడుకుంటున్నాను, కొట్టు తీస్తున్నాను. మొగల్తూరు నుంచి వచ్చిన మా అక్క సూర్యకాంతమ్మ అప్పటినుంచీ ఇక్కడే ఉండిపోయి, కూర వడ్డిస్తూ నా కళ్ళలోకి చూస్తూ ఉంటుంది. తన లెక్క ప్రకారం నేను ఏడిస్తే గాని తను మొగల్తూరు వెళ్ళడానికి లేదు.

సుప్రజ పోయిన రోజుది నాకు ఒకటే గుర్తుంది. పుణ్యస్త్రీగా పోయింది కదా, ఆడవాళ్ళు పసుపు రాసి, పట్టుచీర కట్టి పడుకోబెట్టారు. అక్క నా చెయ్యి పట్టుకుని సుప్రజ నుదుటి మీద పెద్ద బొట్టు పెట్టించింది. వేలికి నుదురు చల్లగా తగిలింది. తరవాత ఎవరు ఏమన్నారో, ఏ దారిన వెళ్ళామో తెలియదు.

అచ్చిబాబు వెళ్ళాక మా అమ్మాయి హారతి కాఫీ తెచ్చింది. భీమవరంలో హాస్టల్లో ఉండి చదువుతోంది, సెలవలకి వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టి వెళ్ళిపోకుండా స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాన్నగారూ, అమ్మ నన్ను ఎలా పిలిచేదండీ?"

హారతమ్మా అని పిలిచేది కదా అన్నాను.

"ఆ మాట నాకూ తెలుసండి. పిలవడం ఎలా పిలిచేదీ అని. పొద్దున్నించీ గుర్తు తెచ్చుకుంటున్నాను. రావట్లేదు."

నేనూ అలా పిలవబోయి చూశాను. అనడానికి నాకూ రాలేదు. హారతమ్మా అని నా గొంతుతో వినిపిస్తోంది గాని తన గొంతుతో వినిపించడం లేదు. ఇరవయ్యేళ్ళకి పైగా విన్న గొంతు అది. పోయిన మనిషి కొంచెం కొంచెంగా పోతుందని నాకు తెలియదు. అప్పుడు కూడా భయం వేయాల్సింది. వేయలేదు. భయపడాల్సిన సంగతి ఇది అని అనుకున్నాను, అంతవరకే.

ఫోన్లలో వెతికి చూసిందట. సుప్రజ వాయిస్ మెసేజీలు పెట్టే మనిషి కాదు. పంతులమ్మ కదా, చుక్కా గీతా చూసుకుని టైపు చేసి పంపేది. మా పెళ్ళి వీడియోలో సన్నాయి తప్ప ఇంకో శబ్దం లేదు. తరవాత ఫోన్లో తీసినవన్నీ ఫోటోలే.

"పాఠాలు ఉన్నాయిగా," అన్నాను.

హారతి మొహం ఒక్కసారి మారింది. తను మరిచిపోయినట్టుంది. కరోనా ఏడాది బళ్ళు మూసేసినప్పుడు సుప్రజ మా వెనక గదిలో బోర్డు పెట్టించి పాఠాలు రికార్డు చేసింది. నెట్ లేని పిల్లలకి పెన్ డ్రైవుల్లో ఎక్కించి పంపేది. కెమెరా హారతి పట్టుకునేది, అప్పటికి హైస్కూలు పిల్ల. రికార్డింగ్ నేను చూసుకునేవాణ్ణి. తలుపులు బిగించిన ఆ గదిలో, ఎండాకాలంలో, మాటలో హోరు పడుతుందని నన్ను ఫ్యాను వేసుకోనిచ్చేది కాదు. నేను సణుగుతూ ఉండేవాణ్ణి. తను నా సణుగుడు కూడా రికార్డవుతోందని కసిరేది. అలా ఒక వేసవంతా గడిచింది.

ఆ పాఠాలు రెండు చోట్ల దాచాను. ఒకటి కొట్లో పెద్ద కంప్యూటర్లో. మొన్న వానాకాలం మురుగుకాలువ పొంగి కొట్లోకి నీళ్ళొచ్చినప్పుడు అది మునిగిపోయింది. రెండోది సుప్రజ డ్రైవ్. ఇంట్లో తన బీరువాలో ఉంది.

వెళ్ళి తెచ్చాను. పాత జేబురుమాల్లో చుట్టి ఉంది. డబ్బా గిబ్బా లేని ఉత్త హార్డ్ డ్రైవ్, అరచేతి కన్నా కాస్త పెద్దది, ఇనప ముక్క. పక్కన తెల్ల కాగితం అతికించి 'పాఠాలు – సుప్రజ' అని రాసుకుంది. పైన పసుపూ కుంకుమా బొట్టు ఉంది. బొట్టుని చూశాను గాని పట్టించుకోలేదు. మా కొట్లో బొట్టు లేని వస్తువు లేదు. దసరాకి ఆయుధపూజ రోజు సుప్రజ స్క్రూడ్రైవర్ నుంచి మానిటర్ దాకా అన్నీ తుడిచి, పసుపూ గంధమూ కలిపి ముద్దగా పెట్టి, దాని మీద కుంకుమ అద్దేది. నా సామాను అయ్యాక తన ఆయుధాలు తెచ్చుకుని వరసగా పేర్చేది. ఎర్ర పెన్ను, చెక్క స్కేలు, సుద్దముక్కల డబ్బా, ఈ డ్రైవ్. మరుసటేడు పాత బొట్టు తుడిచి కొత్తది పెట్టేది.

డ్రైవ్‌ని తగిలించి ముందు దాన్నే అడిగాను. బాగున్నానంది. లోపల ఉన్నవి చూపించింది. ఆరో తరగతి భిన్నాలు, ఆరో తరగతి దశాంశాలు, ఏడో తరగతి కోణాలు అంటూ పేర్లు వరసగా వచ్చాయి. హారతి నా భుజం మీంచి వంగి ఒకటి తెరవబోయింది. వద్దన్నాను. ముందు కాపీ, తరవాత చూడటం. ఎవరి డ్రైవ్ అయినా నా పద్ధతి అదే.

మొదట్లో కాపీ జోరుగా సాగింది. మొదటి పాఠమైనా పూర్తికాకముందే, కాస్త వేడెక్కగానే నెమ్మదించింది. ఆ తరవాత లోపల్నుంచి టిక్కు, టిక్కు అని గోటితో గీరుతున్న శబ్దం. ఆ శబ్దం నాకు బాగా తెలుసు. కంప్యూటర్ తెర మీంచి డ్రైవ్ పేరే మాయమైంది.

ఆపి, చల్లారనిచ్చి, మళ్ళీ పెట్టాను. మళ్ళీ బాగున్నానంది. మళ్ళీ కాసేపు నడిచి, వేడెక్కి, టిక్కుమని ఆగింది. అప్పటికి ఒక పాఠంలో ముక్క దిగింది. హారతి అడగనైనా అడగకుండా దాన్ని తెరిచింది. సుప్రజ బోర్డు ముందు నిలబడి ఉంది. ఆకుపచ్చ చీర, చేతిలో సుద్దముక్క. ఏదో చెప్పబోతూ నోరు తెరిచి ఉంది. బొమ్మ కదల్లేదు, మాట రాలేదు. హారతి మళ్ళీ మళ్ళీ నొక్కింది. చివరికి నేను దాని చెయ్యి పక్కకి తీశాను.

మర్నాడు పొద్దున్నే, ఎండెక్కకముందే కూర్చున్నాం. డ్రైవ్‌కి ఎదురుగా టేబుల్ ఫ్యాను పెట్టాను. అయినా ముందురోజు నడిచినంత కూడా నడవలేదు. నేను హారతికి దాచకుండా చెప్పేశాను. ఇలా ఆగిన ప్రతిసారీ లోపల గీత పడుతుంది, ఇంకొక్కసారో రెండుసార్లో చూడొచ్చు, ఆ తరవాత ఇది మళ్ళీ లేవదు. హైదరాబాద్‌లో పోయిన డ్రైవులు తెరిచి చూసేవాళ్ళకి పంపిద్దామా అంది. ఇక్కడ ఇప్పటికే ఇంత పాడుచేశాక పంపితే వాళ్ళు మాత్రం చేసేదేముంది అన్నాను. నా గొంతు ఎంత మామూలుగా ఉందంటే, ఎవరో రొయ్యల చెరువు రైతుతో మాట్లాడుతున్నట్టే ఉంది. హారతి నా వైపు చూసిన చూపులో కోపం ఉంది. ఆ కోపం న్యాయమైనదే.

"మీకు వినాలని లేదాండీ?" అంది.

లేదని కాదు, ఉందనీ కాదు. డ్రైవ్‌ని బయటికి తీసి ఎంత కాలుతోందో చూద్దామని మీద చెయ్యి వేశాను.

మధ్యవేలికి గరుగ్గా తగిలింది. బొట్టు.

అప్పుడు చూశాను సరిగ్గా. కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, దగ్గరగా పెట్టుకుని చూశాను. బొట్టు చుట్టూ డ్రైవ్ మూత మీద అచ్చేసిన గుండ్రటి గీత ఉంది. దాని పక్కన చీమల బారంత ఇంగ్లీషు అక్షరాలు, సగం పసుపు కింద. ఆ అక్షరాలు చదవక్కర్లేదు, నాకు తెలుసు. ఈ రంధ్రాన్ని మూయవద్దు అని.

ఇలాంటి డ్రైవులకి గుండుసూది మొనంత కన్నం ఒకటి ఉంటుంది. లోపలి గాలి వేడెక్కితే బయటికి పోవడానికీ, చల్లారితే లోపలికి రావడానికీ. అది మూసుకుపోతే వెయిట్ బిగుసుకుపోయిన కుక్కరు సంగతే. సుప్రజ ఆయుధానికి బొట్టు ఎక్కడ పెట్టాలా అని చూసి ఉంటుంది. గుండ్రంగా గీత గీసి, బొట్టుకోసమే వదిలిపెట్టినట్టు ఒక చోటు కనబడింది. పూజప్పుడు కళ్ళజోడు తీసి పక్కన పెట్టడం తన అలవాటు. ఇదివరకటి ఏళ్ళలో ఎక్కడ పెట్టేదో గాని, ఈసారి అక్కడే, సరిగ్గా మధ్యలో పెట్టింది. పసుపూ గంధమూ ఎండి రాయిలా బిగుసుకుంది.

అందుకే డ్రైవ్ ఇలా అయిందని ఒట్టు వేసి చెప్పలేను. వేరే రోగం ఉండొచ్చు. ఐదేళ్ళ డ్రైవ్, దేనికైనా పోవచ్చు. కానీ వేడెక్కితేనే ఆగుతోంది, పోయిన దసరాకి ముందు ఏ గొడవా లేదు. మిగిలిన దారి ఇదొక్కటే. బొట్టు తీసేసి మళ్ళీ ఒకసారి చూడాలి.

దూదీ, స్పిరిట్ సీసా తీశాను. టిఫిన్ తినమని పిలవడానికి అక్క అప్పుడే వచ్చింది. ఏం చేస్తున్నావని అడిగితే చెప్పాను. గుమ్మంలోనే నిలబడిపోయింది.

"వద్దు తమ్ముడూ. సుప్రజ చేత్తో పెట్టిన బొట్టది. నువ్వు తుడవకూడదు."

కన్నం సంగతి విడమరిచి చెప్పాను. అక్కకి కన్నంతో పని లేదు. మొగుడు బతికుండగా ముత్తయిదువ బొట్టు ఎవరూ చెరపరు, అది చెరిపే చెయ్యి నీదా అని అడిగింది. ఇంట్లో ఇంక సుప్రజ చేత్తో పెట్టినవి ఏం మిగిలాయో చూడమంది. నిజమే, ఉగాదికి ఇల్లు కడిగారు. గుమ్మాలకి పసుపు అక్కే కొత్తగా రాసింది. కొట్లో సామాను మీద బొట్లు నా చేతుల్లో వాడివాడి ఎప్పుడో రాలిపోయాయి. బీరువాలో జేబురుమాల్లో ఉండబట్టి ఇదొక్కటే మిగిలింది.

సోల్డరింగ్ చేసేటప్పుడు నేను వాడే పెద్ద భూతద్దాన్ని హారతి బల్ల మీదికి లాగింది. డ్రైవ్‌ని దాని కింద పెట్టి, లైటు వేసి, చాలాసేపు చూసింది.

"గీతలున్నాయండి," అంది. "వేలి గీతలు. నాన్నగారూ, మీరు చూడండి."

చూశాను. కుంకుమ అద్దినప్పుడు తడిగా ఉన్నట్టుంది. ఉంగరపు వేలి మొన గుర్తు, సన్నటి గీతలతో సహా అలాగే ఎండిపోయింది. ఒక పక్కన గీతలు తెగి చిన్న మచ్చ ఉంది. కొబ్బరికాయ కొడుతుంటే చిప్ప తగిలి తెగిన వేలు అది. నేనే కట్టు కట్టాను. హారతి తన ఉంగరపు వేలు దాని మీదికి తెచ్చి, తాకించకుండా ఆపింది.

గుండుసూదితో మధ్యలో పొడిస్తే సరిపోదా అని అక్క అడిగింది. మంచి ఆలోచనే, కానీ పొడిచిన రజను కన్నంలోకి పోతుంది, సూది లోపల గాలిని వడగట్టే పొరని చీలుస్తుంది. టేపు వేసి అచ్చు లేపుదామంది హారతి. అంచుల్లో కొంచెం వేసి చూశాం. పసుపు పెళుసుగా పెళ్ళ ఊడింది, టేపు మీద ఏ గీతా రాలేదు. భూతద్దంలోంచి ఫోనుతో ఫోటో తీసింది. ఎర్రటి మరక తప్ప ఏమీ పడలేదు. ఇంక చెయ్యడానికి ఏమీ లేక ముగ్గురం దాని చుట్టూ నిలబడ్డాం.

అది తుడిచినా గొంతు వస్తుందని నమ్మకం లేదని హారతికి మళ్ళీ చెప్పాను. రాకపోతే బొట్టూ ఉండదు, పాఠమూ ఉండదు. నాకేమీ అనిపించడం లేదు గనక నేను నిర్ణయించడం న్యాయం కాదనిపించింది. నువ్వు చెప్పమ్మా అన్నాను.

హారతి అత్త వైపు చూసింది. తరవాత నా వైపు.

"నాకు అమ్మ గొంతు కావాలండి. తుడిచెయ్యండి. నేను చూడను." అలా అంది గాని తల తిప్పుకోలేదు.

రజను లోపలికి రాలకుండా డ్రైవ్‌ని బోర్లా పట్టుకున్నాను. దూదిని స్పిరిట్‌లో ముంచి కింద నుంచి అద్దాను. ముందు కుంకుమ కరిగింది. దూది ఎర్రబడింది. నా వేళ్ళ మీదికి కారింది. కొత్త దూది తీసుకుని మళ్ళీ అద్దాను. ఆ రోజు అక్క నా చేత పెట్టించిన వేలితోనే ఇప్పుడు తుడుస్తున్నానని తెలిసింది. వేలికి ఇనుము చల్లగా తగిలింది. ఈ పని ఆడవాళ్ళకి మొగుడు పోయినప్పుడు ఎవరో చేస్తారు. నాకు ఎవరూ ఏమీ తుడవలేదు, గాజులు పగలగొట్టలేదు, మర్నాటికే మామూలు చొక్కా వేసుకుని తిరిగాను. ఆ క్షణాన అక్క అన్నట్టు నేను చెయ్యకూడని పని చేస్తున్నానని అనిపించింది. అయినా తుడుస్తూనే ఉన్నాను. పసుపు పొరలు పొరలుగా వచ్చింది. అడుగున గుండ్రటి గీత, దాని మధ్య నల్లటి చుక్క కనిపించాయి. కన్నం తెరుచుకుంది.

అక్క నా చేతిలోంచి ఎర్రబడిన దూది ముక్కలన్నీ తీసుకుంది. చెత్తబుట్టలో వెయ్యలేదు. పెరట్లోకి తీసుకెళ్ళి తులసి కుండీలో, ఎవరూ తొక్కని చోట కప్పెట్టి వచ్చింది. తరవాత టిఫిన్ పళ్ళేలు కొట్లోకే తెచ్చి పెట్టింది.

డ్రైవ్‌ని ఆరనిచ్చి, తగిలించి, దానికి ఎదురుగా ఫ్యాను పెట్టి మొదలుపెట్టాను. ఎప్పట్లాగే బాగున్నానంది. ఎప్పట్లాగే నేను నమ్మలేదు. కాపీ సాగుతుంటే ఇద్దరం తెరని చూస్తూ కూర్చున్నాం. ఎండెక్కింది. రేకులు కాలడం మొదలైంది. డ్రైవ్ మీద చెయ్యి వేస్తే నిన్నటంత వేడిగానే ఉంది. నిన్న ఆగిన చోటు వచ్చింది. తెర మీద గళ్ళు నారింజరంగుకి తిరిగాయి, ఒకటి, దాని పక్కన ఇంకొకటి. లోపల టిక్కుమంది. హారతి నా మోచెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగేలాగ. నేను తెర మీంచి చూపు తిప్పలేదు. మళ్ళీ టిక్కుమంది. తరవాత బూడిదరంగు గడి ఒకటి వచ్చింది. దాని వెనక ఇంకోటి. ఆ తరవాత వరసలు వరసలుగా.

సాయంత్రం టీ వేళకి అయిపోయింది. దశాంశాలు రెండు పాఠాలు రాలేదు. కోణాల్లో ఒకటి సగం పోయింది. మిగిలినవన్నీ దిగాయి. రెండో కాపీ తీసి, మూడోది కూడా తీసి, డ్రైవ్‌ని ఊడదీసి జేబురుమాల్లో చుట్టాను. అప్పుడు హారతికి చూడొచ్చని చెప్పాను.

అక్క కూడా వచ్చి మా వెనక నిలబడింది. హారతి భిన్నాల మొదటి పాఠం తెరిచింది. ముందు ఖాళీ బోర్డు. కుర్చీ జరిపిన శబ్దం. గాజుల చప్పుడు. తరవాత ఆకుపచ్చ చీరలో సుప్రజ వచ్చి నిలబడి, కెమెరాకి కొంచెం పైకి, అప్పటి హారతి మొహం ఉండే చోటుకి చూసింది.

"హారతమ్మా, కొంచెం పైకెత్తు తల్లీ. నా తల కోసేస్తున్నావు."

అంతే. హా దగ్గర కాస్త సాగదీసి, అమ్మా దగ్గర దింపడం. పిలిచినట్టే ఉంటుంది, విసుక్కున్నట్టూ ఉంటుంది. ఇన్నాళ్ళూ నాకు అందనిది అదే. హారతి రెండు చేతులతో నోరు మూసుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో నాకు తెలియలేదు, బహుశా రెండూ. అక్క పైటచెంగు కళ్ళకి పెట్టుకుంది. నేను అలాగే కూర్చున్నాను. బాగా వచ్చింది, హోరు తక్కువగానే ఉంది అని పనివాడి లెక్కన అనుకున్నాను కూడా.

సుప్రజ సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరగబోయి ఆగింది. పక్కకి చూసింది. కెమెరాలో పడని ఆ మూల, కంప్యూటర్ వెనక, నేను కూర్చునే చోటుకి.

"ఏవండీ, ఆ ఫ్యాను ఆపండి. పాఠం అయ్యేదాకా ఓర్చుకోండి."

నేను లేచి వెళ్ళి ఫ్యాను ఆపాను.

స్విచ్ మీద చెయ్యి అలాగే ఉండగా ఏం చేశానో తెలిసింది. వెనక్కి తిరిగితే హారతీ, అక్కా నన్నే చూస్తున్నారు. ఫ్యాను రెక్కలు మెల్లగా తిరిగి తిరిగి నిలిచిపోయాయి. గదిలో గాలి ఆగింది. మెడ మీంచి చెమట దిగి వెన్ను పొడుగునా జారడం తెలిసింది. చొక్కా అంటుకుపోయి చిరాగ్గా ఉంది. రేకుల వేడి నడినెత్తిన దిగుతోంది. ఊపిరాడటం లేదు.

"ఉక్కపోస్తోంది అక్కా," అన్నాను.

అక్కడే, గోడ పట్టుకుని, పెద్దగా ఏడ్చాను. పక్క కొట్టు వాళ్ళు తొంగి చూసేంతగా. అక్క వచ్చి నా తల పట్టుకుంది. తెర మీద సుప్రజ రొట్టెని నాలుగు ముక్కలు చేసి, అందులో ఒకటి తింటే ఎంత మిగిలిందర్రా అని అడుగుతోంది. హారతి పాఠం ఆపబోయింది. వద్దని చెయ్యి ఊపాను.

అయ్యేదాకా ముగ్గురం అలాగే ఉన్నాం. ఫ్యాను వెయ్యలేదు.